వర్జ్యానికి ముందే లింకులోకి

మూడేళ్ళ రెండు నెలలు ఇంటిపట్టున ఉన్నాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటర్వ్యూకి కూర్చుంటే, అటువైపు వాళ్ళు మొదట చూసేది మన ముఖాన్ని కాదు, రెజ్యూమేలో ఆ ఖాళీని. ముందుపన్ను ఊడినవాడు నవ్వితే ఎదుటివాడి చూపు ఎక్కడికి పోతుందో, వీళ్ళ చూపూ అక్కడికే పోతుంది.

"పిల్లను పెంచడం కూడా ప్రాజెక్ట్ మేనేజ్‌మెంటే అని ధైర్యంగా చెప్పండి" అని ఒకావిడ వీడియోలో నేర్పింది. మొదటి ఇంటర్వ్యూలో ధైర్యంగా చెప్పాను. అటుపక్క నాకంటే చిన్నవాడిలా ఉన్న మేనేజరు తల ఊపి, "మరి ఆ ప్రాజెక్టులో డెడ్‌లైన్లు ఏమైనా తప్పాయా?" అని అడిగాడు. పాపకి పాలసీసా మాన్పించడం గుర్తొచ్చి, చాలానే తప్పాయని చెప్పేశాను. మళ్ళీ వాళ్ళ దగ్గర్నుంచి ఫోను రాలేదు.

రెండో ఇంటర్వ్యూలో మా పాప తలుపు తోసుకుని వచ్చింది. "అమ్మా, అయిపోయింది, కడుగు" అంటూ వెనక్కి తిరిగి వంగింది. వెనక్కి తిరగడమంటే సరిగ్గా కెమెరా వైపుకి. ఆ రోజు అడిగిన ప్రశ్నలేవీ నాకు గుర్తులేవు. నేను చెప్పిన జవాబులు వాళ్ళకీ గుర్తుండి ఉండవు.

మూడోది బెంగళూరులో ఒక చిన్న కంపెనీ. పాత ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చునే స్నేహితురాలు మాట సాయం చేస్తే వచ్చిన పిలుపు అది. ఇంటి నుంచే పని, రాజమండ్రి వదలక్కర్లేదు. ఇది పోతే ఇంకోటి వస్తుందన్న ఆశ నాకు లేదు. మా ఇంట్లో వాళ్ళకి అసలే లేదు. మా అత్తగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. "ఇది కూడా కాకపోతే శుభ్రంగా బీఈడీలో చేరిపోమ్మా. పిల్లకి సెలవులున్నప్పుడు నీకూ సెలవులే" అన్నారు. మావారు ఆ మాటకి అవుననలేదు, కాదనలేదు. కాకపోతే బీఈడీ ఎంట్రన్స్ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో ఆయన ఫోనులో వెతికి చూసుకుంటుంటే నా కంట పడింది. టీచరు పని చిన్నదని కాదు. నలభై మంది పిల్లల్ని ఊహించుకుంటేనే నాకు జ్వరం వచ్చినట్టుంటుంది. ఉన్న ఒక్క పిల్ల నిద్రలో తుమ్మితేనే లేచి నుదురు పట్టి చూసే రకాన్ని నేను.

ఇంటర్వ్యూ గురువారం పదకొండు గంటలకని మెయిల్ వచ్చింది. ఆ సాయంత్రం అత్తయ్యగారు గోడ మీది క్యాలెండర్ ముందు కళ్ళజోడు సర్దుకుని నిలబడ్డారు.

"అమ్మాయ్, గురువారం పదీ ఇరవై రెండు నుంచి పదకొండూ యాభై ఎనిమిది దాకా వర్జ్యం ఉందమ్మా. వర్జ్యంలో ఇంటర్వ్యూ పెట్టడమేంటి?"

"వాళ్ళు బెంగళూరు వాళ్ళండి."

"అయితే? బెంగళూరుకి వర్జ్యం రాదా?"

"టైము మార్చమని అడగలేనండి. ఇది ఇచ్చిందే గొప్ప."

ఆవిడ ఆలోచనలో పడ్డారు. మా వైపు, తప్పనిసరి ప్రయాణం వర్జ్యంలో పడితే దానికో ఉపాయం ఉంది. మంచి గడియ ఉండగానే సంచి ఒకటి తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టేస్తారు. ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు లెక్క. తర్వాత మనిషి తీరిగ్గా ఎప్పుడు బయల్దేరినా దోషం లేదు. ఆ సంగతి మనసులో మెదిలి, వేళాకోళానికి ఒక మాట అన్నాను.

"పోనీ, వర్జ్యం రాకముందే లింకులోకి వెళ్ళి కూర్చోనాండి?"

వేళాకోళాలు మా అత్తగారి దగ్గర ఆడకూడదు. ఆవిడ ముఖం విప్పారింది. "అదీ మాట! పదీ పదిహేనుకల్లా గడప దాటేసెయ్. ఇహ వాళ్ళు ఎప్పుడు మాట్లాడుకుంటే మనకేంటి?"

ఇలాంటి మీటింగుల్లో ముందే వెళ్తే, ఎవరైనా లోపలికి రానిచ్చేదాకా బయట ఆగమని ఒక తెర వస్తుంది. అక్కడే నలభై నిమిషాలు నిలబడితే పోయేదేమీ లేదు, ఆవిడకీ తృప్తి. సరేనన్నాను.

గురువారం పొద్దున్న పాపని పక్కింటి పిన్నిగారి దగ్గర దింపాను. దింపుతూ జ్వరం మందు, రెండు జతల బట్టలు, డాక్టరుగారి నంబరు ఇచ్చాను. "గంటసేపటికా అమ్మా ఇదంతా?" అని ఆవిడ నవ్వారు. నా వెనక గోడ పెచ్చులూడిపోయి ఉందని, కడియం నర్సరీలో కొన్న పెద్ద ఆకుల కుండీని ఈడ్చుకొచ్చి అక్కడ పెట్టాను. చీర వద్దనుకుని కుర్తా వేసుకున్నాను. పదీ పదికి ల్యాప్‌టాప్ తెరిస్తే, అప్‌డేట్ అవుతున్నాను, నన్ను ఆపెయ్యొద్దు అంది.

పది శాతం. పదకొండు శాతం.

"ఇదేంటమ్మాయ్, ఇది ఎప్పటికి తెముల్తుంది?" అత్తయ్యగారు గడియారం చూశారు. పదీ పదహారు. "నా ఫోను తీసుకో!"

లింకు ఆవిడ ఫోనుకి వాట్సాప్‌లో పంపి, పదీ ఇరవై ఒకటికి నొక్కాను. కెమెరా, మైకు ముందే ఆపేశాను. ఆగమని చెప్పే తెర రాలేదు. నేరుగా లోపల పడ్డాను.

ఆ కంపెనీ వాళ్ళు రోజంతటికీ ఒకే లింకు వాడుతున్నారని నాకేం తెలుసు? లోపల ఒక ఇంటర్వ్యూ నడుస్తోంది. ఒక గడిలో నలభై ఏళ్ళాయన, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్స్. ఇంకో గడిలో తెల్లచొక్కా తొడుక్కున్న కుర్ర ఇంజనీరు, నుదుటి మీద చెమట. మూడో గడిలో అన్నవరం సత్యనారాయణస్వామి, మీసాలతో, నిండు అలంకారంతో. మా అత్తగారు వారం వారం ఆన్‌లైన్ పారాయణాలకి ఆ ఫోటోతోనే వెళ్తారు. ఫోటో కింద పేరు కూడా ఆవిడది కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో "శ్రీ సత్యనారాయణ" అని ఉంటుంది.

హెడ్‌ఫోన్సాయన ఒక్క క్షణం తెరకేసి చూసి ఇంగ్లీషులో అన్నాడు. "హెచ్చార్ నుంచి సత్యనారాయణ వచ్చినట్టున్నారు. ఊరికే వింటారు. మీరు కానివ్వండి."

బయటికి వచ్చే ఎర్ర బటన్ మీదికి వేలు పోయింది. అత్తయ్యగారు ఠక్కున నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు! పదీ ఇరవై మూడు అయింది. ఇప్పుడు బయటికొచ్చి మళ్ళీ వెళ్తే వర్జ్యంలో వెళ్ళినట్టే."

"అక్కడ వేరేవాళ్ళ ఇంటర్వ్యూ జరుగుతోందండీ!"

"జరగనీ. మనమేమైనా అడ్డం వచ్చామా?"

ఆ పూట ఆవిడ చెయ్యి విదిలించుకోగలిగి ఉండేదాన్ని. విదిలించుకోలేదు. ఎందుకంటే అప్పటికే తెర మీద ప్రశ్న కనబడింది.

కొన్ని మీటింగులు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో ఇస్తారు. ఏదీ ఆగకుండా అన్నీ జరగాలంటే తక్కువలో తక్కువ ఎన్ని గదులు కావాలో చెప్పే ప్రోగ్రాము రాయాలి. తెల్లచొక్కా ఇంజనీరు ప్రతి మీటింగునీ ప్రతి మీటింగుతో పోల్చుకుంటూ చిక్కుముడి వేసుకుంటున్నాడు. అత్తయ్యగారు కళ్ళజోడు దించి ప్రశ్న చదివి, ఇంతేనా అన్నట్టు పెదవి విరిచారు.

"ముహూర్తాలు, కల్యాణమండపాల లెక్కే కదమ్మాయ్. టైములన్నీ వరసగా రాసుకుని, పెళ్ళి మొదలైనప్పుడల్లా ఒకటి కలుపు, అయిపోయినప్పుడల్లా ఒకటి తియ్యి. ఆ అంకె ఎక్కడ బాగా పెరిగితే అన్ని హాళ్ళు. ఆ కుర్రాడు ఎందుకు అంత ఆయాసపడుతున్నాడు?"

ఎందుకంటే ఆ కుర్రాడికి మా అత్తగారు లెక్కలు చెప్పలేదు మరి. నేను నోరెళ్ళబెట్టి ఆవిడకేసి చూశాను. సరిగ్గా అదే జవాబు. చదువుకునే రోజుల్లో నాకు రెండు రోజులు పట్టింది.

పావు తక్కువ పదకొండుకి అతని ఇంటర్వ్యూ ముగింపుకొచ్చింది. హెడ్‌ఫోన్సాయన ఉన్నట్టుండి మా వైపు తిరిగాడు. "సత్యనారాయణా, హెచ్చార్ తరఫున మీరేమైనా అడుగుతారా?"

కెమెరా లేదని తెలిసి కూడా నేను తల అడ్డంగా ఊపాను. అత్తయ్యగారైతే స్వామికి దణ్ణం పెట్టేశారు.

"ఏం లేవా? సరే. తర్వాతి అభ్యర్థి పదకొండుకి. ఆవిడకి మూడేళ్ళ గ్యాప్ ఉంది. ఇదే ప్రశ్న ఇద్దాం, తొందరగానే తేలిపోతుంది." అలా అని, కెమెరా ఆపేసి, కాఫీకి కాబోలు వెళ్ళిపోయాడు. తెల్లచొక్కా ఇంజనీరు కూడా వెళ్ళిపోయాడు. గదిలో స్వామివారు ఒక్కరే మిగిలారు.

తొందరగా తేలిపోతుందట! ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఒక చల్లటి ఆలోచన కూడా వచ్చింది. ప్రశ్న తెలుసు, జవాబు తెలుసు. కాసేపు ఆలోచించినట్టు నటించి, చకచకా రాసేస్తే ఆయనకి దిమ్మ తిరుగుతుంది. నేను జుట్టు సర్దుకుంటూ, ఎక్కడ ఆగాలో ఎక్కడ "ఓహో" అనాలో మనసులో రిహార్సల్ వేసుకుంటున్నాను. అప్పుడే అత్తయ్యగారి గొంతు మారింది.

"అమ్మాయ్, నిన్నూ అదే అడుగుతానన్నాడు కదూ?"

"అన్నాడండి."

"అడిగితే ఏం చేస్తావు?"

"చెప్తానండి."

"విన్నానని చెప్తావా, జవాబు చెప్తావా?"

నేను ల్యాప్‌టాప్ కేసి చూశాను. తొంభై ఎనిమిది శాతం.

"పేపరు లీకు ఇది!" ఆవిడ గుసగుసగానే అన్నా, బడి వరండా చివరిదాకా వినబడే గుసగుస అది. "ముప్పై ఏళ్ళు ప్రశ్నపత్రాల సీళ్ళు ఊడదీసిన చేతులమ్మా ఇవి. ఒక్కనాడు ఒక్క నిమిషం ముందు విప్పలేదు."

"నేను వచ్చేస్తానంటే వద్దన్నది మీరే కదండీ!"

"వర్జ్యం వేరు, కాపీ వేరు."

"ఇది పోతే నాకింకోటి లేదండి, అత్తయ్యగారూ." ఆ మాట ఏడుపుగొంతుతోనే వచ్చింది, నటన కాదు.

ఆవిడ నెమ్మదిగా, "పోతే పోనీ అనడం లేదమ్మా. ఇలా రావద్దంటున్నాను" అన్నారు.

పదకొండు గంటలకి ల్యాప్‌టాప్‌తో లోపలికి వెళ్ళాను. ఫోను కూడా అలాగే ఉంచక తప్పలేదు, వర్జ్యానికి ముందు లోపల అడుగుపెట్టింది అదే కదా. హెడ్‌ఫోన్సాయన మర్యాదగా నవ్వి, "హెచ్చార్ నుంచి సత్యనారాయణ కూడా మనతో ఉన్నారు" అని పరిచయం చేశాడు. స్వామివారికి నేను "గుడ్ మార్నింగ్" చెప్పాను. ఎదురుగా డైనింగ్ టేబుల్ అవతల అత్తయ్యగారు, ముందు ఫోను పెట్టుకుని, కళ్ళజోడు మీంచి నన్నే చూస్తున్నారు.

ప్రశ్న తెర మీదికి వచ్చింది. కనుబొమలు ముడిచాను. "ఇంట్రెస్టింగ్" అన్నాను. అత్తయ్యగారు దగ్గారు. అది దగ్గు కాదని, ఆవిడ దగ్గర చదువుకున్న ఏ పిల్లనడిగినా చెప్తుంది. నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించాను. రెండు లైన్లు రాశాను. ఆవిడ లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, ఫ్రిజ్ దగ్గర్నుంచి గుమ్మం దాకా, గుమ్మం దగ్గర్నుంచి ఫ్రిజ్ దాకా నడవడం మొదలెట్టారు. పరీక్ష హాల్లో నడిచే నడక. మూడో లైను రాసి కొట్టేశాను. ఆవిడ మళ్ళీ టేబుల్ దగ్గరికి వచ్చి, ఫోను చేతిలోకి తీసుకుని, మైకు బటన్ మీద వేలు పెట్టారు.

సత్యనారాయణస్వామి నోరు విప్పేలోపు నేనే విప్పేశాను.

"సార్, ఈ ప్రశ్న నాకు ముందే తెలుసు. ఇందాక మీరు వేరేవాళ్ళని అడుగుతుంటే విన్నాను."

"ఎలా విన్నారు?"

"ఆ సత్యనారాయణ మీ హెచ్చార్ కాదు సార్. మా అత్తయ్యగారి ఫోను."

ఆయన తెరకి దగ్గరగా జరిగాడు. "మరి ఫోటో?"

"మా దేవుడండి. అన్నవరం."

అంతటితో ఆపేస్తే ఇంకా అన్యాయంగా ఉంటుందని, వర్జ్యం, పక్కింట్లో సంచి, అప్‌డేట్ శాతాలు, అన్నీ చెప్పాను. చెప్పేకొద్దీ ఇంగ్లీషులో అది మరీ ఘోరంగా వినబడింది. ఆయన హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, అరచేత్తో మూతి మూసుకుని, కాసేపు పక్కకి తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. తిరిగి మా వైపు చూసేసరికి ముఖం మాత్రం మామూలుగా ఉంది.

"అంటే, దేవుణ్ణి పట్టుకుని ఏమైనా ప్రశ్నలున్నాయా అని అడిగానన్నమాట."

"అవునండి."

"సరే. ఆ వర్జ్యం ఎప్పటిదాకా?"

"పదకొండూ యాభై ఎనిమిది."

"అయితే బోలెడు టైముంది. ఎలాగూ విన్నారు కాబట్టి ప్రోగ్రాము రాయొద్దు. ఇందాక అతను రాసిందాంట్లో తప్పేంటో చెప్పండి."

ఆ మాటకి నాకు ఒళ్ళు తేలికపడింది. పాప పుట్టకముందు నాలుగేళ్ళు నేను చేసిన పనే అది. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాములు చదివి, ఎక్కడ విరుగుతాయో వెతకడం. వంటింట్లో సాంబారు పొంగుతోందా, పక్కింట్లో పాప ఏడుస్తోందా అన్న ధ్యాస కూడా పోయింది. పోయిందని తర్వాత గుర్తొచ్చి భయపడ్డాను, అది వేరే సంగతి.

"ముందు మిమ్మల్నొకటి అడగాలి సార్. ఒక మీటింగు పదకొండుకి ముగిసి, ఇంకోటి పదకొండుకే మొదలైతే, ఆ రెండింటికీ ఒక్క గది చాలని అతను అనుకున్నాడు. చాలుతుందా?"

"చాలుతుంది కదా? మొదటివాళ్ళు వెళ్ళిపోయారు."

"మా అత్తయ్యగారైతే ఒప్పుకోరు సార్. పెళ్ళి అయిపోయినా అప్పగింతలు అయ్యేదాకా హాలు ఖాళీ అవదు. గది ఖాళీ చెయ్యడానికి ఎంతసేపు పడుతుందో అతను అడగలేదు. అడగకుండా రాస్తే ఒకళ్ళున్న గదిలోకి ఇంకొకళ్ళు వచ్చేస్తారు." ఇక ఆగాల్సింది. ఆగలేదు. "ఇవాళ మీ లింకులోకి నేను వచ్చేసినట్టు."

నా పని అయిపోయిందనుకున్నాను. అత్తయ్యగారు ఫోను టేబుల్ మీద బోర్లా పెట్టేశారు.

తర్వాత ఆయన ఏదో రాసుకోవడం కనబడింది. ఇంకో అరగంట అడిగాడు. కొన్నింటికి చెప్పాను. రెండింటికి తెలియదన్నాను. మూడేళ్ళలో వచ్చిన కొత్త సంగతులు అవి, నటించడానికి కూడా తెలియవు. చివర్లో గ్యాప్ గురించి అడిగాడు. వీడియో ఆవిడ నేర్పిన మాటలు నోటిదాకా కూడా రాలేదు.

"పాప పుట్టింది సార్. కొన్నాళ్ళు నేనే చూసుకోవాలనిపించింది. ఇప్పుడు మళ్ళీ పని చెయ్యాలనిపిస్తోంది."

"అంతేనా?"

"అంతే సార్."

మీటింగు అవగానే చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తాను. పాప పిన్నిగారి ఒళ్ళో కూర్చుని అటుకులు తింటోంది. నన్ను చూసి, ఇంకా ఉంటానంది.

ఆ తర్వాతి తొమ్మిది రోజులు నాకు సరిగ్గా అన్నం సహించలేదు. మధ్యలో ఇంకో చిన్న ఇంటర్వ్యూ జరిగింది, అసలైన హెచ్చార్ ఆవిడతో. ఆవిడ నా పేరు వినగానే నవ్వేసింది. కంపెనీ అంతా తెలిసిపోయిందని అర్థమై, ఉద్యోగం రాకపోయినా నేను వాళ్ళకి ఏడాదికి సరిపడా కాలక్షేపం ఇచ్చానని సరిపెట్టుకున్నాను. మావారు బీఈడీ మాట ఎత్తలేదు. ఎత్తకపోతేనే నాకు భయమేసింది.

పదో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. అత్తయ్యగారు, నేను బెండకాయలు తరుగుతున్నాం. చేతులు జిగురుగా ఉండి స్పీకరు నొక్కాను. హెచ్చార్ ఆవిడే. సెలెక్ట్ అయ్యారంది. ఒకటో తారీకున చేరాలంది. మొదటి ఆరు నెలలూ పని చూస్తామంది. ఇంకా ఏమేమో అంది. నాకు సెలెక్ట్ దగ్గరే చెవులు మూసుకుపోయాయి. చివరి మాట మాత్రం స్పష్టంగా వినబడింది.

"టెక్నికల్‌గా కొన్ని కొత్తవి మీరు నేర్చుకోవాలండి. కానీ మీ నిజాయితీ మా ప్యానెల్‌కి చాలా నచ్చింది. ఫీడ్‌బ్యాక్‌లో మొదటి లైను అదే."

"థాంక్యూ అండి" అన్నాను.

ఫోను పెట్టేశాక కూడా అత్తయ్యగారు తల ఎత్తలేదు. ఇంకో బెండకాయ తీసుకుని, ముచ్చిక కోసి, ముదురో లేతో తోక విరిచి చూసుకున్నారు.

"నిజాయితీట" అన్నారు.

"అలాగే అన్నారండి."

"నచ్చిందట."

"చాలా నచ్చిందన్నారు."

"బావుంది" అని ఆవిడ నవ్వడం మొదలెట్టారు. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి పైటచెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నవ్వుకి వచ్చిన నీళ్ళో మరి, నేను చూడకుండా ముక్కు కూడా తుడుచుకున్నారు. నేను చెయ్యి కడుక్కుని మావారికి ఫోను చేసి ఉద్యోగం వచ్చిందన్నాను. ఆయన కేకేసినంత పని చేసి, "అసలు నీలో వాళ్ళకి ఏం నచ్చిందంట?" అని అడిగారు.

ఆవిడ వింటున్నారు. బెండకాయ తరగడం ఆపేసి మరీ వింటున్నారు.

"కోడ్ బాగా చదువుతానట" అని చెప్పాను.